చెఱసాల అర్జీలను చదువువారు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫెడరల్ న్యాయస్థానములకు దినదినమును వచ్చు తపాలాలో ఒక విధమైన కవరును గుమాస్తాలు విప్పకయే గుర్తింపగలరు. పంపినవాని పేరు ప్రక్క నొక సంఖ్య యుండును. జైలు పేరుతో ముద్ర యుండును. లోపల గీతల కాగితములపై, పెన్సిలుతోనో చౌకరకపు కలముతోనో, అంచు విడువక ఇరుప్రక్కలను నిండించి వ్రాసిన వ్రాత యుండును. కాగితమును తపాలా బిళ్లయు ఖైదీ తఱచుగా తన చిల్లరతోనే కొనుక్కొనవలసియుండును గనుక ఖాళీ విడుచుట యతని కలవాటు లేదు.

ఆ వ్రాతను మొట్టమొదట చదువువాడు న్యాయమూర్తి యని పాఠకులు తలంపవచ్చును. సాధారణముగా గాదు. ప్రతివాది వకీలును గాడు. అతనికి అప్పటికి వ్యాజ్యము సంగతియే తెలియదు. న్యాయస్థానము నెలజీతమిచ్చి పెట్టుకొనిన న్యాయవాది యొకడు, లేదా యొకతె, దానిని చదువును. ఆ యుద్యోగికి కక్షిదారు లేడు. కోర్టు హాలులో లేచి చేయు వాదన లేదు. తీర్పుపై పేరు లేదు. అప్పీలు కోర్టులలో వీరిని స్టాఫ్ అటార్నీ లందురు. 1982లో కాంగ్రెసు చేసిన శాసనముతో వీరి కార్యాలయములకు స్థిరమైన పునాది యేర్పడినది. జిల్లా కోర్టులలో ఇదే పని చేయువారికి ప్రో సే లా క్లర్కులని పేరు. లాటిను భాషలో 'ప్రో సే' యనగా తన తరపున తానే యని యర్థము. ఫెడరల్ జిల్లా కోర్టులలో ఖైదీలు వేయు అర్జీలలో నూటికి తొంబదికి పైగా ఇట్టివే. అనగా చెఱసాలలో నున్నవాని మొఱ చట్టపు విచారణకు వచ్చునా, మొదటి మెట్టుననే ఆగిపోవునా యను ప్రశ్నకు తొలి జవాబు, లోకమునకు పేరు తెలియని యొక యుద్యోగి బల్లపై చిత్తుగా వ్రాయబడుచున్నది.

ఈ విషయమున మూలసూత్రము 1941వ సంవత్సరమున నెలకొన్నది. మిషిగన్ రాష్ట్రపు జైళ్లలో నొక నిబంధన యుండెడిది. ఖైదీ కోర్టునకు వ్రాసికొన్న అర్జీని ముందుగా జైలు అధికారులును, పెరోలు బోర్డువారి న్యాయపరీక్షకుడును చూచి, సక్రమముగా నున్నదని వారికి తోచిననే కోర్టునకు పంపవలెను. హల్ అను ఖైదీ యొక్క కాగితము లిట్లు ఆపబడినవి. సుప్రీం కోర్టు ఆ నిబంధన చెల్లదనెను. అర్జీ సక్రమముగా నున్నదో లేదో, చెప్పవలసిన సంగతు లందు చెప్పబడినవో లేవో నిర్ణయించుట కోర్టు పని. జైలు అధికారి పని గాదు. హల్ తన వ్యాజ్యమును మాత్ర మోడిపోయెను. అతడు వేసిన దారి నిలిచినది. ఖైదీల న్యాయచరిత్రలో ఈ తీరు మఱల మఱల కానవచ్చును.

కోర్టునకు వచ్చు ఈ అర్జీలు స్థూలముగా రెండు తెగలు. తన్ను నిర్బంధించుటయే అన్యాయమని, విచారణలోనో శిక్షలోనో రాజ్యాంగ విరుద్ధమైన దోషము కలదని చెప్పునది హెబియస్ కార్పస్ అర్జీ. నిర్బంధము సరియేగాని నిర్బంధములో తన్ను చూచు తీరు అన్యాయమని చెప్పునది రెండవ తెగ. వైద్యము చేయకుండుట, కొట్టుట, మతాచారమునకు అడ్డుతగులుట మున్నగున విందులోనివి. ఈ రెండవ దానికి ఆధారమైన శాసనము 1871 నాటిది. అంతర్యుద్ధానంతరము నీగ్రోలపై జరిగిన దౌర్జన్యము నణచుటకై పుట్టినది. ఖైదీలును దాని నాశ్రయింపవచ్చునని సుప్రీం కోర్టు 1964లో ఒప్పుకొనెను. వకీలు లేక వ్రాసికొన్న అర్జీని వకీలు వ్రాతను తూచిన త్రాసులో తూచరాదని, ఉదారముగా చదువవలెనని 1972లో ఇలినాయ్ ఖైదీ యొకని వ్యాజ్యమున చెప్పెను. ఉదారముగా చదువుట! ఈ రెండు మాటలే ఆ కోర్టు న్యాయవాది యుద్యోగ ధర్మమంతయు. చెప్పుట సులభము. చేయు విధ మెట్టిదో కొంచెము చూతము.

ముప్పది పుటల అర్జీ యొకటి ననుకొందము. తొలి నాలుగు పుటలు రాజ్యాంగ ప్రకరణముల పేర్లతోను, ఇతర ఖైదీల నుండి ఎత్తి వ్రాసికొన్న లాటిను మాటలతోను నిండినవి. పిదప పది పుటలు ఆహారము చల్లగా నుండుటను గుఱించి, ఉత్తరములు ఆలస్యమగుటను గుఱించి, ఒక వార్డరు పలికిన తిట్టును గుఱించి. పిమ్మట అధికారులందఱును కుట్రపన్నిరని ఆఱు పుటలు. చదువువానికి విసుగు పుట్టుటకు చాలినంత సామగ్రి యిదివఱకే కూడినది. ఇరువదిమూడవ పుట యడుగున, వేఱొక సంగతి చెప్పుచు, దారిని పోవుచు చెప్పినట్లుగా నొక వాక్యము: రక్తపుపోటు మాత్రలు అయిపోయినవని నర్సుకు మూడు మారులు చెప్పితిననియు, ఆమె వచ్చు వారము చూతమనెననియు, ఆ వారములోనే తాను స్పృహ తప్పి పడితిననియు. వ్రాసినవానికి అది తన గొప్ప ఫిర్యాదని తెలియదు. కుట్రయే గొప్పదని యతని నమ్మకము. కాని చట్టము దృష్టిలో ఆ ముప్పది పుటలలోను ప్రాణమున్న వాక్య మదొక్కటియే.

ఎందువలన నందురా? టెక్సాసు జైలులో గాంబుల్ అను ఖైదీపై 1973 నవంబరులో పని చేయుచుండగా సుమారు 600 పౌండ్ల ప్రత్తి బేలు పడెను. నడుము నొప్పితో మూడు నెలలు తిరిగి, తన చేవ్రాతతో అర్జీ పెట్టుకొనెను. జిల్లా కోర్టు దానిని మొదటి చూపుననే కొట్టివేసెను. ఆ వ్యాజ్యము సుప్రీం కోర్టు వఱకు పోయి, 1976లో ఒక సూత్రమును పుట్టించినది. ఖైదీ తన వైద్యమును తాను చూచుకొనజాలడు గనుక, అతని తీవ్రమైన రోగమును తెలిసియు లక్ష్యపెట్టకుండుట క్రూరశిక్షయే యగును. గాంబులునకు మాత్రము మేలు కలుగలేదు. మూడు నెలలలో పదునేడు మారులు వైద్యసిబ్బంది యతనిని చూచిరి గనుక వైద్యుడు లక్ష్యపెట్టలేదనుటకు వీలు లేదనిరి. తరువాత 1994లో మఱియొక వ్యాజ్యమున, అధికారికి అపాయము నిజముగా తెలిసియుండవలెనని సూత్రమును బిగించిరి. కనుకనే 'మూడు మారులు చెప్పితిని' అను మూడు మాటలకు అంత బరువు. రోగ మెంత ఘోరమైనను, చెప్పితి నను మాట లేనిచో అర్జీ నిలువదు. ఆ మాట ఇరువదిమూడవ పుటలో నున్నదని కనిపెట్టువాడు లేనిచో నున్నను లేనట్లే.

అందును చదువువాడు మధ్యస్థుడు. ఖైదీకి వకీలు గాడు. లేని మాటను తాను చేర్చరాదు. ఉన్న మాటను చూడక పోరాదు. ఈ రెండింటి నడుమ నున్న దారి మిక్కిలి యిరుకైనది. అర్థముగాని చోట అడిగి తెలిసికొనుటకు కొన్ని యుపాయములు పుట్టినవి. టెక్సాసు, లూసియానా, మిసిసిపీ రాష్ట్రములపై నధికారము గల ఫెడరల్ ఐదవ సర్క్యూటులో 1970ల నుండి ఖైదీకి ప్రశ్నావళి పంపు పద్ధతి కలదు: ఎవరు, ఏ దినమున, ఏమి చేసిరి, నీవెవరితో చెప్పితివి? 1985 నుండి ఖైదీని పిలిపించియో, జైలులోనే కూర్చుండబెట్టియో ప్రమాణపూర్వకముగా మాటలాడించు పద్ధతియు వచ్చినది. కుట్రను గుఱించి పది పుటలు వ్రాసినవాడు, ఎదుట నొక మనుష్యుడు కూర్చుండి నెమ్మదిగా నడిగినచో పది వాక్యములలో సంగతి చెప్పుటయు కలదు. చదువురానివానికి ఈ రెండవ పద్ధతి యెంత యుపకారమో వేఱుగా చెప్పవలసిన పని లేదు.

ఇట్లుండ 1996 ఏప్రిలులో రెండు శాసనములు ఒకదాని వెంట నొకటి వచ్చి ఈ పని స్వరూపమును మార్చివేసినవి. హెబియస్ అర్జీలకు ఒక సంవత్సరము గడువు పెట్టినది మొదటిది. జైలు వ్యాజ్యముల సంస్కరణ శాసనమని పేరుపడినది రెండవది. దీని ప్రకారము ఖైదీ మొదట జైలులోపలి ఫిర్యాదు పద్ధతిని ఆసాంతము నడపి తీరవలెను. పేదవాడైనను కోర్టు రుసుము మాఫీ లేదు; నేడు 350 డాలర్లు. చేత లేనిచో అతని జైలు ఖాతాలో పడిన సొమ్మునుండి నెలనెలా ఐదవ వంతు చొప్పున కోయుదురు. వ్యాజ్యము మొదటి దినముననే కొట్టివేయబడినను బాకీ పోదు. టెక్సాసు వంటి రాష్ట్రములలో ఖైదీ పనికి కూలియే లేదన్న సంగతి నిచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. మూడు మారులు అర్జీ నిరర్థకమని కొట్టివేయబడినవాడు, ఆసన్నమైన శరీరాపాయమున్ననేగాని, రుసుము మొత్తము ముందు చెల్లింపక నాలుగవ మారు కోర్టు మెట్లెక్కరాదు. వీనితోపాటు, ప్రతివాదికి సమను వెళ్లక పూర్వమే కోర్టు అర్జీని వడపోయవలెనని, నిలువని దానిని అప్పుడే కొట్టివేయవలెనని విధించినది. అనగా, ఎవ్వరును ఎదురు చెప్పకుండగనే, ఎవ్వరును వినకుండగనే, ఒక గదిలో ఒకడు చదివి చేయు వడపోతయే శాసనబద్ధమైనది. తరువాతి యైదాఱేండ్లలో ఖైదీల పౌరహక్కుల వ్యాజ్యములు ఐదింట రెండు పాళ్లు తగ్గినవి. ఆ కాలముననే చెఱసాలలలోని జనసంఖ్య మాత్రము పెరిగినది.

ఈ శాసనమునకు ముందు పత్రికలలో గొప్ప హాస్యము నడచినది. ఆయా రాష్ట్రముల అటార్నీ జనరళ్లు ఖైదీల వెఱ్ఱి వ్యాజ్యములని పట్టికలు ప్రకటించిరి. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది వేరుసెనగ వెన్న కథ. మెత్తని వెన్న కోరిన ఖైదీకి పలుకుల వెన్న నిచ్చిరట. అందుకై యతడు ఫెడరల్ కోర్టున వ్యాజ్యము వేసెనట! శాసనసభలలో నవ్విరి, పత్రికలలో నవ్విరి. రెండవ సర్క్యూటు అప్పీలు కోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నుండిన జాన్ న్యూమన్ గారికి ఈ కథపై సందేహము కలిగి, ఆ వ్యాజ్యపు కాగితములను తెప్పించి చదివి, 1996లో ఒక న్యాయశాస్త్ర పత్రికలో సంగతి వెల్లడించిరి. ఖైదీ జైలు కొట్టున రెండు సీసాలకు సొమ్ము కట్టెను. ఒకటి వేఱు రకము వచ్చినది. దానిని త్రిప్పి యిచ్చెను. మఱునాడు సరియైనది యిత్తుమనిరి. ఆ రాత్రియే యతనిని వేఱొక జైలునకు మార్చిరి. సరకు రాలేదు, సొమ్మును రాలేదు. రెండున్నర డాలర్లు. వెన్న మెత్తనిదా పలుకులదా యని యతడు కోర్టు నడుగలేదు. తన సొమ్ము తన కిమ్మనెను. రెండున్నర డాలర్లకు ఫెడరల్ కోర్టేల యని వాదింపవచ్చును, అది వేఱు మాట. కాని దేశమంతయు నవ్విన కథకును కాగితములలోని కథకును సంబంధము లేదు. నవ్వినవారిలో నెందఱు ఆ కాగితములు చదివిరి? న్యూమన్ గారు చదివిరి గనుక మనకు తెలిసినది.

ఆ వ్యాసమునకు ఆయన పెట్టిన పేరులో గడ్డివాము, సూది యను మాటలు కలవు. అది సుప్రీం కోర్టు న్యాయమూర్తి జాక్సన్ 1953లో చేసిన హెచ్చరికను తలపించుచున్నది. గడ్డివాములో సూదిని వెదకవలసినవాడు, వెదకి వెదకి, తుదకు సూదికి ఈ వెదకులాట తగదను మనఃస్థితికి వచ్చునని యాయన భావము. పనికిమాలిన అర్జీలు మంచి అర్జీకి హాని చేయునని యాయన ఉద్దేశించిరి. మా కందులో మఱియొక సంగతి తోచుచున్నది. ఆ మనఃస్థితి న్యాయమూర్తికి రాకముందే, జీతగాడైన చదువరికి వచ్చును. దినమునకు ఇన్ని కవర్లు తెమల్చవలెనను లెక్క యతని యెదుట నుండును. వందింట తొంబదియైదు కొట్టివేయదగినవే యని యనుభవము చెప్పుచుండును. తొంబదియాఱవదానిని విప్పునప్పుడు ఆ యనుభవమే కండ్లకు గంతలు కట్టును.

దినములు లెక్కించుటయు ఈ పనిలో నొక భాగము. అందును సూది దొరకవచ్చును. టెనెసీ ఖైదీ యొకడు తీర్పు వెలువడిన 27వ దినమున అప్పీలు నోటీసును జైలు అధికారుల చేతి కిచ్చెను. గడువు 30 దినములు. కోర్టు గుమాస్తా ముద్ర 31వ దినమున పడినది. ఒక్క దినపు జాగుకు అప్పీలు పోవలసినదేనా? ఖైదీ తానే పోయి దాఖలు చేయలేడు, తపాలాకచ్చేరికి పోలేడు, కవరు ఎక్కడ నాగినదో విచారింపలేడు; కావున జైలు అధికారి చేతి కిచ్చిన దినమే దాఖలైన దినమని సుప్రీం కోర్టు 1988లో నిర్ణయించెను. నాటినుండి ఖైదీలు అర్జీ తుదిని 'ఈ దినమున జైలు తపాలాలో వేసితిని' అని వ్రాయుట నేర్చుకొనిరి. ఫ్లారిడాలో మరణశిక్ష పడిన హాలండ్ అను ఖైదీ కథ యింతకన్న విపరీతము. అతనికి కోర్టు వకీలును నియమించినది. గడువును మఱువవద్దని ఆ వకీలునకు ఖైదీ ఉత్తరముపై ఉత్తరము వ్రాసెను. రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పు చెప్పి వారములు గడచినవని జైలు గ్రంథాలయములో తానే కనుగొని, మఱునాడే తన చేతితో హెబియస్ అర్జీ వ్రాసి పంపెను. అప్పటికే గడువు దాటెను. వకీలుకన్న ఖైదీకే చట్టము బాగుగా తెలియునని రుజువు చేయుటకు అతడు 2010 వఱకు పోరాడవలసివచ్చెను. సుప్రీం కోర్టు ఇట్టి సందర్భములలో గడువును సడలింపవచ్చునని యొప్పుకొనెను.

కాని జైలులోపలి ఫిర్యాదు గడువులను గుఱించి ఆ కోర్టే అంత దయ చూపలేదు. కాలిఫోర్నియా జైళ్లలో అప్పుడు 15 పనిదినములలో ఫిర్యాదు చేయవలసియుండెను. ఆ గడువు దాటినవానికి కోర్టు తలుపును మూసినట్లే యని 2006లో తీర్పు వచ్చినది. ఆసుపత్రిలో పడియున్నవాడు, చదువురానివాడు, ఫిర్యాదు పత్రము దొరకనివాడు అట్టి గడువులో నేమి చేయగలడో చదువరి యొక్కొక్క అర్జీలో వెదకి చూడవలసినదే.

ఇంతవఱకు ఈ యుద్యోగము సరిగా సాగిన విధము. సరిగా సాగనిచో నేమగునో లూసియానా రాష్ట్రము చూపినది. న్యూ ఆర్లియన్సు నగరమునకు పొరుగున గ్రెట్నా పట్టణమున ఆ రాష్ట్రపు ఐదవ సర్క్యూటు అప్పీలు కోర్టు కలదు. పేరు చూచి పైన చెప్పిన ఫెడరల్ కోర్టుగా భ్రమపడరాదు. ఇది రాష్ట్రపు కోర్టు. ఆ రాష్ట్ర రాజ్యాంగము ప్రకారము అప్పీలు కోర్టు కనీసము మువ్వురు న్యాయమూర్తుల పీఠముగా కూర్చుండి తీర్పు చెప్పవలెను. 2007 మే నెలలో ఆ కోర్టు సిబ్బంది న్యాయవాదుల పెద్ద ప్రాణము తీసికొనెను. అతడు వ్రాసి విడిచిన లేఖవలన లోకమునకు తెలిసిన దేమనగా, 1994 మొదలు పదుమూడేండ్లు వకీలు లేని ఖైదీలు పంపుకొన్న అర్జీలను ఆ కోర్టున న్యాయమూర్తుల పీఠ మేదియు చదువలేదు. సిబ్బంది న్యాయవాది తిరస్కారపు ఉత్తరువు చిత్తు వ్రాయును. ప్రధాన న్యాయమూర్తి అర్జీని చూడకయే సంతకము చేయును. మఱి యిద్దఱు న్యాయమూర్తుల పేర్లు దాని క్రింద చేరును. ఖైదీకి అందు కాగితముపై మాత్రము మువ్వురు కూర్చుండి యాలోచించి తిరస్కరించినట్లే యుండును.

ఆ కాగితము చేత పట్టుకొని జైలు మంచముపై కూర్చున్నవానిని తలంచుకొనుడు. అతడు నెలలు గ్రంథాలయములో గడపి యుండును. తోటి ఖైదీకి కాఫీపొడియో తపాలాబిళ్లలో ఇచ్చి వ్రాయించుకొని యుండును. తిరస్కారము వచ్చినప్పుడు, మువ్వురు పెద్దమనుష్యులు నా మాట విని కాదనిరని మనస్సు సమాధానపఱచుకొని యుండును. ఓడిపోవుట వేఱు, వినబడకపోవుట వేఱు. ఓడినవాడు పైకోర్టునకు పోయి క్రిందికోర్టు తప్పు చేసెనని చెప్పవచ్చును. క్రిందికోర్టు చదువనే లేదని యతడెట్లు చెప్పగలడు? అతనికి తెలిసిన దంతయు మువ్వురి పేర్లే గదా.

సంగతి బయటపడినపిదప ఖైదీలు రాష్ట్ర సుప్రీం కోర్టు నాశ్రయించిరి. 2008లో ఆ కోర్టు సుమారు 300 అర్జీలను పునర్విచారణకై పంపెను. ఎక్కడికి? ఆ గ్రెట్నా కోర్టునకే. అయితే ఆ పాత ఉత్తరువులలో పాలు లేని న్యాయమూర్తుల యెదుట మాత్రమే పెట్టవలెనని షరతు. వేఱొక కోర్టునకు పంపియుండవలసినదని ఖైదీల పక్షమువారు వాదించిరి. మా యభిప్రాయమును అదియే. చదువక తిరస్కరించిన యింటికే, వేఱు గదికైనను, మఱల పొమ్మనుట ఖైదీకి నమ్మకము కలిగించు మార్గము గాదు.

1941లో మిషిగన్ జైలు అధికారితో సుప్రీం కోర్టు, అర్జీ చదివి నిర్ణయించుట నీ పని గాదు, కోర్టు పని యనెను. గ్రెట్నాలో కోర్టే తన పనిని మఱియొకరికి ఒప్పగించి, తన పేరును మాత్రము ముద్రగా వాడుకొన్నది. ఆ సిబ్బంది న్యాయవాదిపై నిందనంతయు మోపుట సులభమైన పని. అతడిపుడు జవాబు చెప్పజాలడు గూడ. అతని మనస్సున నేమి జరిగెనో మనము చెప్పలేము. ఒకటి మాత్రము నిశ్చయము. తీర్పు చెప్పు నధికారము రాజ్యాంగము న్యాయమూర్తి కిచ్చినది; ఆ భారమును సంతకమనెడి సన్నని దారముతో నొక జీతగాని మెడకు కట్టినవారు న్యాయమూర్తులే.

అట్లని సిబ్బంది న్యాయవాదులే వలదని మేమనము. వారు లేనిచో ఇన్ని వేల చేవ్రాత కాగితములను ఎవ్వరును చదువరు; ఇరువదిమూడవ పుట వఱకు పోవు నోపిక ఇతర వ్యాజ్యముల క్రింద నలుగు న్యాయమూర్తి కుండుట దుర్లభము. ఈ పనిలో నేండ్లు గడపినవాడు ఏ జైలులో ఏ వైద్యుని పేరు మాటిమాటికి వచ్చుచున్నదో, ఏ జైలు తపాలా ఎప్పుడును ఆలస్యమగుచున్నదో గుర్తింపగలడు. ఒక్కొక్క అర్జీని విడిగా చూచు న్యాయమూర్తికి ఆ జ్ఞానము కలుగదు. తొమ్మిదవ సర్క్యూటులో సిబ్బంది న్యాయవాది మువ్వురు న్యాయమూర్తుల యెదుట కూర్చుండి వ్యాజ్యమును నోటిమాటగా వివరించును. వారు ప్రశ్నింతురు, కాగితములు తెప్పించుకొందురు. ఒక్కొక్కదానికి దొరకు నిమిషములు బహుకొద్దియని దానిపైనను విమర్శ కలదు. అయినను ఇచ్చట చదివినవాడును నిర్ణయించువాడును ఒకే బల్ల కిరుప్రక్కల నుందురు. మంచి వ్యాజ్యమని తోచినప్పుడు ఖైదీకి వకీలును సమకూర్చవలెనని చదువరి సూచింపవచ్చును. కాని సివిల్ వ్యాజ్యమున ఆ శాసనము క్రింద కోర్టు వకీలును ప్రార్థింపవచ్చునేగాని నిర్బంధింపరాదని 1989లో తీర్పు కలదు. ఊళ్లోని వకీళ్లు దయదలచినచో వత్తురు; లేనిచో లేదు.

మన పాఠకులకు ఇది దూరదేశపు ముచ్చటగా తోచనక్కఱలేదు. రాజమహేంద్రవరము, వెల్లూరు, కడలూరు జైళ్లలో స్వాతంత్ర్య సమరకాలమున దినములు గడపినవారి సంతతి మనలో నెందఱో కలరు. జైలు అధికారి చదివి సిరా పూసి పంపిన యుత్తరములు మన పెద్దల పెట్టెలలో నుండెడివి. శిక్షపడినంత మాత్రమున ఖైదీ ప్రాథమిక హక్కులన్నియు పోవని మన సుప్రీం కోర్టు 1974లో చెప్పినది విశాఖపట్టణము జైలు ఖైదీల వ్యాజ్యముననే. 1979లో తిహార్ జైలునుండి సునీల్ బాత్రా అను మరణశిక్షితుడు, తోటి ఖైదీని సొమ్ముకై వార్డరు హింసించినాడని వ్రాసిన లేఖను జస్టిస్ కృష్ణయ్యరు గారి కోర్టు హెబియస్ అర్జీగా స్వీకరించినది. ఫారము లేదు, రుసుము లేదు, వకీలు లేడు. ఆ తీర్పును మనము గర్వముతో చెప్పికొనుచుందుము, చెప్పికొనదగినదే. కాని అటుపిమ్మట సుప్రీం కోర్టునకు వచ్చు లేఖలు గుట్టలుగా పెరిగి, వానిని వడపోయుటకు ప్రజాహిత వ్యాజ్యముల విభాగ మొకటి వెలసినది. ఏ లేఖను స్వీకరింపవలెనో చెప్పు సూత్రములు 1988 డిసెంబరు 1న ఏర్పడినవి. జైళ్లనుండి వచ్చు హింసా ఫిర్యాదులు ఆ సూత్రముల పట్టికలో పేర్కొనబడియున్నవి. అచ్చటను మొదట చదువునది న్యాయమూర్తి గాదు, విభాగములోని సిబ్బంది. మనవారు లేఖను అర్జీగా చేసిన న్యాయమూర్తిని మెచ్చుకొనిరి. ఆ లేఖలను దినదినము విప్పి చదువు గుమాస్తా యెంత పని మోయుచున్నాడని యడిగినవారు అరుదు.

అమెరికాలో ఈ ప్రశ్న ఇంకను తెమలలేదనుటకు ఇటీవలి తీర్పే సాక్ష్యము. మిషిగన్ జైలులోని ఖైదీ యొకడు, తన ఫిర్యాదు పత్రములను జైలు ఉద్యోగి నాశనము చేసెననియు, అందువలననే జైలులోపలి పద్ధతిని పూర్తిచేయలేక పోతిననియు వ్యాజ్యము వేసెను. క్రిందికోర్టు ఆ మాట నమ్మదగినది కాదని జూరీ లేకయే తేల్చి కొట్టివేసెను. 2025 జూన్ 18న సుప్రీం కోర్టు ఐదుగురు నలుగురుగా చీలి, ఇట్టి వివాదము వ్యాజ్యపు సారముతోనే పెనవేసికొన్నప్పుడు దానిని జూరీయే తేల్చవలెనని తీర్పు చెప్పెను. హల్ కాగితముల నాపినదియు మిషిగన్ జైలే. నడుమ 84 ఏండ్లు.